ఎడమవైపు కిటికీ

బస్సు కదలబోతుండగా కత్తెరమ్మ వెనక తలుపులోంచి ఎక్కి, ఒక లావుపాటాయన వీపు చాటున నక్కింది. ముందు, డ్రైవరు వెనక సీట్లో ఆమె మొగుడు కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో రెండు తిండి పొట్లాలు.

ఒక్క మనిషికి రెండు పొట్లాలెందుకు?

వీధిలో అందరి బట్టలూ కుట్టేది ఆవిడే. నోరు కూడా కత్తెరలాగే ఆడుతుంది కాబట్టి ఆ పేరు స్థిరపడింది. ఇవాళ మాత్రం ఆ నోరు పెగలడం లేదు. ఎవరో కుట్టించుకుని ఇంకా తీసుకెళ్ళని పొడవాటి కోటు తొడుక్కుని, తలకి గుడ్డ చుట్టి, నల్లద్దాలు పెట్టుకుంది. కోటులో మర్చిపోయిన గుండుసూది కదిలినప్పుడల్లా నడుములో పొడుస్తోంది.

అంతా నిన్న సాయంత్రం మొదలైంది. బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన మొగుడు మెట్ల కింద నిలబడి ఫోన్లో గుసగుసలాడాడు. ఆయన గుసగుస పక్కింటిదాకా వినబడుతుంది.

“రేపు తప్పకుండా వస్తుంది. సముద్రం చూపించాల్సిందే. మా ఆవిడకి మాత్రం ఒక్క ముక్క తెలియకూడదు.”

చెల్లెలికి ఫోన్ చేసి ఏడిస్తే, ఏడ్చి ఏం లాభం, బావ వెనకాలే వెళ్ళి కళ్ళారా చూడమంది. అందుకే ఈ వేషం. ఆ వచ్చేది ఎవరో కనబడిందా, ఇంటి తాళంచెవి ఆయన మొహాన కొట్టి అటునుంచి అటే చెల్లెలింటికి వెళ్ళిపోతుంది. తాళంచెవి గుప్పిట్లోనే ఉంది.

కండక్టరు వచ్చి, ఎక్కడికని అడక్కుండానే రేవుకి టికెట్టు కొట్టి ఇచ్చాడు.

“నేను రేవుకని నీకెవరు చెప్పారు?”

“పొద్దున్నే ఈ బస్సెక్కేవాళ్ళంతా అక్కడికేనండి.”

అంతటితో ఊరుకోలేదు. ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చున్నాయన్ని బతిమాలి లేపి ఆవిడని అక్కడ కూర్చోబెట్టాడు. చేతిలో ఒక నిమ్మకాయ పెట్టాడు. ఈ దారిలో మలుపులెక్కువ, అందరికీ ఇస్తుంటానన్నాడు. ఆవిడ మెడ సారించి చూసింది. ఇంకెవరి చేతిలోనూ నిమ్మకాయ లేదు.

తన మొహం అంత పాలిపోయి ఉందా? ఉండే ఉంటుంది. బస్సు వాసన తగిలితే చాలు, ఆవిడకి కడుపులో తిప్పేస్తుంది. పెళ్ళయినప్పట్నుంచీ ఆయన ఏటా అడిగేవాడు, బస్సెక్కి పడవెక్కి సముద్రం చూసొద్దామని. వాంతులు చేసుకుంటూ చూడ్డానికి అదేమన్నా సినిమానా అని ఆవిడ కసిరేది. అడగడం ఎప్పుడో మానేశాడు. ఎందుకు మానేశాడో ఇప్పుడు తెలిసొస్తోంది. వెంట వచ్చేది ఎవత్తో దొరికింది కదా!

బస్సు కొండ మలుపు తిరిగింది. ఉన్నట్టుండి కిటికీ నిండా సముద్రం. నీలం మీద ఎండ, జరీ విప్పి పరిచినట్టు. ఇలాంటి రంగు గుడ్డ ఏ దుకాణంలోనూ చూళ్ళేదనుకుంటూ కాసేపు మొగుణ్ణే మర్చిపోయింది. గుర్తొచ్చాక తన మీద తనకే ఒళ్ళు మండింది.

రేవులో దిగేసరికి జనంలో ఆయన కనబడలేదు. కంగారుగా వెతికితే పడవ దగ్గర వంగి బూటు తాడు కట్టుకుంటున్నాడు. ఎంతకీ అవదే ఆ ముడి! ఆవిడ దగ్గరికొచ్చేసరికి అయిపోయింది. ఆయన పడవెక్కాడు. పడవవాడు తాడు విప్పి కూడా, ఆవిడ ఎక్కేదాకా నింపాదిగా నిలబడ్డాడు.

పడవ సగం దూరం వెళ్ళాక చెల్లెలు ఫోన్ చేసింది.

“ఎక్కడున్నావక్కా?”

“పడవలో.”

“కడుపులో ఎలా ఉంది?”

“నా కాపురం మునుగుతుంటే నీకు నా కడుపు గొడవేమిటే?” అని కట్ చేసింది. కానీ అప్పుడే గమనించింది, కడుపు బాగానే ఉంది. ఆ నిమ్మకాయని వాసన చూసీ చూసీ సగం నలిపేసింది.

అవతల దీవిలో లైట్‌హౌస్ తప్ప ఏమీ లేదు. దాని ముందు, సముద్రానికి ఎదురుగా ఒక బెంచీ. ఆయన బెంచీకి ఒక చివర కూర్చున్నాడు. పక్కన చోటు చేతిరుమాలుతో దులిపాడు. పొట్లాలు రెండూ విప్పాడు. తినలేదు. లైట్‌హౌస్ గోడ పక్కన నక్కి కత్తెరమ్మ పడవ వైపే చూస్తోంది. ఇదుగో, వచ్చేస్తుంది.

ఎవరూ రాలేదు. పడవ తిరిగి వెళ్ళిపోయింది. వచ్చినవాళ్ళంతా మెట్లెక్కి పైకి పోయారు. కింద మిగిలింది ఆయనా, తనూ. దీవికి ఇంకో దారి కూడా ఉన్నట్టు లేదు. మరి ఆ మనిషి ఎటునుంచి వస్తుంది? ఆవిడకి ఏమీ పాలుపోలేదు. ఇక ఆగలేక నల్లద్దాలు పీకేసి, తాళంచెవి బిగించి పట్టుకుని వెళ్ళి ఆయన వెనక నిలబడింది.

“ఎక్కడండీ ఆ మహాతల్లి?”

ఆయన ఉలిక్కిపడలేదు. వెనక్కి తిరిగి చూడను కూడా చూడలేదు. రెండో పొట్లాన్ని ఖాళీ చోటువైపు జరిపాడు.

“నిమ్మకాయ పనిచేసిందా?”