నాలుగు కిలోల గుండు

రుద్రేశ్ లేత్ షాపు షట్టర్ సగం దించేసరికి తల్లీకూతుళ్ళు వచ్చి నిలబడ్డారు. పొద్దున్నుంచీ ఖనిజం లారీల షాఫ్టులు కోసి కోసి అతని నడుము పట్టేసింది.

"రేపు రాండి," అన్నాడు.

"తారానగర్ నుంచి వచ్చినామన్నా. ఆదివారమే బళ్ళారిలో పోటీ. ఈసారి తప్పితే మళ్ళా ఏడాది ఆగల్ల," అంది కూతురు అక్షత. పదో తరగతి చదువుతోంది.

తల్లి మహాదేవి గనిలో షిఫ్టు దిగి నేరుగా వచ్చినట్టుంది, కొంగు నిండా ఎర్రదుమ్ము. గోడవార డబ్బా మీద కూలబడి కుడిభుజం పిసుక్కుంటోంది.

ఆమెను చూసి రుద్రేశ్ షట్టర్ పైకి తోశాడు.

"ఏం చెయ్యల్ల?"

"షాట్‌పుట్ గుండు. నాలుగు కిలోలది."

"బడిలో ఉండదా?"

"ఉండాది. అడిగితే ఇచ్చేది లేదన్నారు. ఇన్నాళ్ళూ రాయితోనే ప్రాక్టీసు."

"లేత్‌కు కిలోలు తెలీవు పాపా. సైజు చెప్పల్ల."

అక్షత సుద్దముక్క తీసుకుని నేల మీద గొంతుక్కూర్చుంది.

"నాలుగు వేల గ్రాములు. ఇనుము డెన్సిటీ ఏడు పాయింట్ ఎనిమిది. భాగిస్తే వాల్యూమ్ ఐదొందల పదమూడు. అది నాలుగు బై మూడు పై ఆర్ క్యూబ్ కదా. ఆర్ క్యూబ్ నూట ఇరవై రెండున్నర. ఐదు క్యూబ్ నూట ఇరవై ఐదు. అంటే రేడియస్ ఐదుకు రవ్వంత తక్కువ."

"రవ్వంత అంటే ఎంత? బరువు తగ్గితే పోటీలో ఒప్పుకోరు."

ఆమె మళ్ళీ గుణించింది, చెరిపింది, గుణించింది.

"నాలుగు పాయింట్ తొమ్మిది ఏడు సెంటీమీటర్లు."

"తప్పిందా, ఇనుమూ పాయె, నా కష్టమూ పాయె," అని నిట్టూర్చి రుద్రేశ్ షాఫ్టు ముక్కను మిషనుకు బిగించాడు.

రెండు గంటలు పట్టింది. గుండును తీసి తూకంలో పెట్టాడు. నాలుగు కిలోల పది గ్రాములు.

"సరిపాయె," అన్నాడు. నవ్వే ఓపిక కూడా లేదతనికి. "మీయమ్మను చూడు, ఎట్ల అలిసిపోయిందో. ఆమె కోసమన్నా గెలవల్ల."

అక్షత తల దించుకుంది. గుండును రెండు చేతులా మోసుకుంటూ పోయి తల్లి ఒళ్ళో పెట్టింది.

మహాదేవి మెల్లగా లేచి, కొంగు నడుముకు దోపి, గుండును కుడిచేత్తో మెడ దగ్గర ఆనించుకుని, "పోటీ నాదేనప్పా. నలభై దాటిన ఆడోళ్ళకు గూడా ఇదే బరువంట," అంది.