ముప్పై డబ్బీలు

"ఇవి నువ్వు ఇంట్లో కూర్చుని రాసుకున్నవి కావని నేనెలా నమ్మాలమ్మా?" అంటూ డాక్టర్ నిర్మల ఫైలును బల్ల మీద ఇవతలికి తోసేసింది.

శిరీష ఫైలును మళ్లీ ఆమె ముందుకు జరిపింది. రాత పరీక్ష నెగ్గి, నలభై మందిని దాటుకుని, శంషాబాద్‌లో విమానాశ్రయం రోడ్డు మీద కొత్తగా కట్టిన ఈ ఆసుపత్రిలో ఆఖరి ఇంటర్వ్యూ దాకా వచ్చింది. ఉన్నది ఒక్కటంటే ఒక్కటే పీజీ సీటు. మార్కులు అందరికీ ఉంటాయి, సొంతంగా ఒక ప్రశ్న పట్టుకుని జవాబు వెతికే డాక్టరు కావాలి మాకు అని వాళ్లు ముందే చెప్పారు. శిరీష వెతికింది మరి. తమ ఊరు కొత్వాల్‌గూడలో ఇంటికొకరి చొప్పున ముప్పై మందికి మూత్రం పరీక్ష చేయించింది.

"రాసుకున్నవి కాదు మేడం. ల్యాబు చీటీలన్నీ వెనక కుట్టి పెట్టాను, చూడండి."

పక్క కుర్చీలో ఉన్న పెద్ద డాక్టర్ హరిప్రసాద్ కళ్లజోడు సర్దుకుని ఒక్కో చీటీ తిప్పాడు. ఏది తిప్పినా ఒకటే మాట. ప్రోటీను, మూడు ప్లస్సులు.

"ఇంత ప్రోటీను పోతోందంటే కిడ్నీలు బాగా దెబ్బతిన్నట్టేనమ్మా," అన్నాడాయన. చెయ్యి చీటీల మీదే ఉండిపోయింది. "ఇది నిజమైతే సీటు నీదే. సీటు సంగతి అలా ఉంచు, ఈ మధ్యాహ్నమే వ్యాను వేసుకుని మీ ఊరికి పోవాలి. ఒక్కరోజు కూడా ఆగే జబ్బు కాదిది."

"మీరు మరీ తొందరపడుతున్నారు సార్," అంది నిర్మల. "ఊరన్నాక ఒక్కరైనా బాగుండరా? పదిమందిలో ఇద్దరికి ఉందంటే నమ్ముతాను. ఏమ్మా, ఈ రోగుల్లో ఒక్కరినైనా నీ కళ్లతో చూశావా?"

శిరీష తల దించుకుంది. "పట్నంలో హౌస్‌సర్జన్ డ్యూటీ మేడం, సెలవు దొరకలేదు. పేర్లు రాసిన డబ్బీలు ఇంట్లో ఇచ్చాను. మా బాపు రోజుకు మూడు చొప్పున పది రోజులు మొదటి బస్సుకు తెచ్చి ఇచ్చాడు."

"మీ నాన్న ఎక్కడ?"

"బయట బెంచీ మీదే ఉన్నాడు మేడం."

పిలిపించారు. మొగులయ్య చెప్పులు గుమ్మం బయటే విడిచి లోపలికి వచ్చాడు. పాదాల మీద చెప్పుల పట్టీల గుర్తులు అచ్చు గుద్దినట్టు దిగబడి ఉన్నాయి. అద్దంలా మెరిసే ఆ గచ్చు మీద ఎక్కడ జారిపడతానో అన్నట్టు ఒదిగి ఒదిగి నడిచాడు పాపం.

"దండం సారూ. దండం మేడం. మా పిల్లకు సీటిచ్చిన్రా?"

"కూర్చో పెద్దాయనా," అన్నాడు హరిప్రసాద్. "ఈ డబ్బీలు ఎవరు పోగుచేశారు?"

"నేనే సారూ. ఇల్లిల్లు తిరిగిన. వాడల కుక్కలు గూడ నన్ను చూసి మొరుగుడు బందువెట్టినయి."

నిర్మల జాబితా చేతిలోకి తీసుకుంది. "బిక్షం?"

"ఇచ్చిండు మేడం."

"తారాబాయి?"

"జర సిగ్గువడ్డది గని ఇచ్చింది."

"యాదయ్య?"

"యాదయ్యనా? ఆయన ఊళ్లె యాడున్నడు మేడం! అల్లుని కాలిరిగిందని రావిర్యాల పొయ్యి రెండు నెలలాయె."

అన్నాక నాలుక కరుచుకున్నాడు. అప్పుడే నెత్తి మీదుగా విమానం పోయింది. కిటికీ అద్దాలు గలగలమన్నాయి.

"మరి ఆయన డబ్బీ ఎట్ల నిండింది బాపూ?" శిరీష తండ్రి వైపు తిరిగింది. "నిజం చెప్పు. నీకు దండం పెడత."

మొగులయ్య భుజం మీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు.

"అందరు నవ్విన్రు బిడ్డా. డాక్టరు సదివిన పిల్ల ఉచ్చ డబ్బీలు అడుక్కుంటదాయె అని మన వాడల రాజయ్య నడి బజార్ల అన్నడు. ఆడోళ్లయితే నన్ను చూసి తలుపులే ఏసుకున్రు. ఉత్త చేతుల్తోని నీ తానకి ఎట్ల రావాలె? నా బిడ్డ సదువు ఆగిపోతదని మస్తు పరేషాన్ అయిన."

నిర్మల కలం మూత తీసి శిరీష పేరు మీద అడ్డంగా గీత గీసింది. హరిప్రసాద్ ఆపలేదు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, కళ్లు మూసుకుని కూర్చున్నాడు.

ఆ గీత చూడగానే శిరీషకు ఏడుపు, కోపం ఒక్కసారే తన్నుకొచ్చాయి. పెద్ద డాక్టర్లు ఎదురుగా ఉన్నారన్న సంగతి కూడా మరిచిపోయింది.

"నా నోట్ల మన్ను గొట్టినవ్ గద బాపూ! ఇంకెవరన్న నన్ను నమ్ముతరా? ఎవరివి ఇవన్ని? ఏ దవాఖానల పండుకున్న రోగులవి పట్టుకొచ్చినవ్?"

ఆ మాటకు మొగులయ్య దిగ్గున లేచి నిలబడ్డాడు. బిడ్డ చదువుకు మచ్చ రాకుండా తానెంత జాగ్రత్తపడ్డాడో ఈ డాక్టర్లకు ఎలాగైనా చెప్పాలనుకున్నాడు.

"ఛ, గంత తెలివిలేనోణ్ణా బిడ్డా? రోగమున్నోళ్లది ఒక్క చుక్క గూడ కలపలే. నేనైతే రాయి లెక్క ఉన్న గద, పరీక్షల మంచిగనే వస్తదని డబ్బీలన్ని నేనే నింపిన!"