జేబులో దొరికిన తాళంచెవి

"మీ అమ్మాయి గురించి ఒక మాట చెప్పాలి" అన్నాడు ముసలాయన, కొట్టు ముందు నిలబడి ఆయాసపడుతూ.

తాళాల మేస్త్రి తలెత్తలేదు. ఆకురాయితో తాళంచెవి రుద్దుతూనే, తనకు అమ్మాయిలెవరూ లేరన్నాడు.

"అలా అనకండి బాబూ. విన్నాక వెళ్ళగొట్టండి."

"వినకుండానే వెళ్ళగొడతా. టైం కలిసొస్తుంది."

పక్కనున్న సైకిల్ కొట్టువాడు నవ్వాడు. మేస్త్రికి ఆ నవ్వు బాగుంది. తాళంచెవులు కోసే మిషన్ వేశాడు. ఆ రొదలో ముసలాయన ఇంకేదో అన్నాడు. తర్వాత మెట్టు మీద కూర్చున్నాడు.

మిషన్ ఆపేసరికి గోడకు జారగిలబడి ఉన్నాడు. పిలిస్తే పలకలేదు.

కానిస్టేబులు వచ్చి జేబులు వెతికాడు. కాగితం ముక్క లేదు. ఒక్క తాళంచెవి ఉంది. పేరు తెలియని శవం అని రాసుకున్నాడు. ఎవరూ రాకపోతే రేపు సాయంత్రం నాలుగింటికి పూడ్చేస్తారని చెప్పి వెళ్ళిపోయాడు.

మేస్త్రి కూతురు తనకు నచ్చినవాణ్ణి పెళ్ళాడి వెళ్ళిపోయి మూడేళ్ళయింది. పోయినవాళ్ళ లెక్కలో వేశానని వీధిలో అందరికీ చెప్పుకున్నాడు. ఆ రోజు నుంచి భార్య అతనితో అవసరానికి మించి మాట్లాడలేదు.

మధ్యాహ్నం భోజనం దగ్గర విషయం చెప్పాడు. చెప్పకుండా ఉండలేకపోయాడు.

ఆవిడ గరిటె కింద పెట్టింది.

"ఊళ్ళో తాళాలన్నీ తీస్తావు. దానంతటది తెరుచుకున్న నోటిని మూయించి పంపావు."

పాతికేళ్ళ కాపురంలో ఆవిడ అతన్ని నువ్వు అనడం అదే మొదటిసారి.

"నా బిడ్డ ఎక్కడుందో తెలిసినవాడు ఆ ఒక్కడే. ఎవరో ఏమిటో తేల్చుకుని రా. అందాకా ఈ గడప తొక్కకు."

చెయ్యి కడుక్కోకుండానే లేచాడు.

తాళంచెవి ఒక్కరోజు ఇమ్మని స్టేషన్‌లో కాళ్ళావేళ్ళా పడ్డాడు. రేపు నాలుగింటిలోపల తెచ్చివ్వమని, మనిషెవరో తేలితే తనకూ రాతపని తగ్గుతుందని కానిస్టేబులు ఆవలిస్తూ ఇచ్చాడు.

మేస్త్రి దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. పళ్ళ మీద ఆకురాయి గీతలు ఎదురు వాలులో ఉన్నాయి. ఎడమచేతివాడు చేసిన పని. ఊరి మొత్తానికి ఎడమచేతి మేస్త్రి ఒక్కడే.

వెళ్తే ఆ పూట కొట్టు మూసి ఉంది. తెల్లారి కొట్టు తీసే వేళకే పోయి నిలబడ్డాడు.

ఎడమచేతి మేస్త్రి తాళంచెవిని అటూ ఇటూ తిప్పి, తనదేనన్నాడు. నూలుమిల్లు వెనక మేడలో గదుల తలుపులకు తాళాలన్నీ తనే బిగించాడట. ఏ గదిదో మాత్రం అడగొద్దన్నాడు. నలభై ఉన్నాయి.

"అయినా నీ కొట్టుకొచ్చిన మనిషేగా" అన్నాడు. "ఏ వూరయ్యా అని అప్పుడే అడగలేకపోయావా?"

మేస్త్రి తాళంచెవి తీసుకుని మిల్లు వైపు నడిచాడు.

మేడ వాచ్‌మన్‌కు ముసలాయన ఆనవాళ్ళు చెప్పాడు. తెల్లగడ్డం అంటే ఇక్కడ డజను తెల్లగడ్డాలున్నాయన్నాడు వాచ్‌మన్. బక్కగా ఉంటాడంటే, లావుగా ఉన్నవాడు ఈ కొంపలో ఎందుకుంటాడన్నాడు.

ఇక తాళంచెవే దిక్కు.

జేబులో తాళంచెవి ఉందంటే ఇంట్లో మనిషి లేనట్టే. ముప్పై ఏళ్ళుగా మేస్త్రి నమ్మిన సూత్రం అది. అందుకని గుమ్మం ముందు చెప్పులున్న గదులు వదిలేశాడు. చప్పుడు లేని తలుపులే వెతుక్కుంటూ పోయాడు. అన్నీ ఒకే కంపెనీ తాళాలు. చెవి ప్రతిదాంట్లోనూ దూరుతోంది. దేంట్లోనూ తిరగడం లేదు.

రెండో అంతస్తులో ఒకావిడ దొంగ అనుకుని చీపురు ఎత్తింది. దణ్ణం పెట్టి పక్క తలుపుకు జరిగాడు.

రెండయింది. మూడయింది. చూపుడువేలు ఒరుసుకుపోయి రక్తం కారుతోంది. నాలుగింటికి ఆ మట్టి కింద ముసలాయనొక్కడే పోడు. తన కూతురి చిరునామా కూడా పోతుంది.

మూసిన గదులన్నీ అయిపోయాయి. మిగిలినవి మనుషులున్న గదులే.

మెట్ల మీద కూర్చుని ఒక్క క్షణం తల పట్టుకున్నాడు. మళ్ళీ లేచాడు. తలుపు తట్టి, సంగతి చెప్పి, వాళ్ళడిగినవాటికి జవాబులిస్తూ కూర్చునే టైం లేదు. తిట్టేవాళ్ళు తిట్టుకోనీ అని నేరుగా చెవి దూర్చడం మొదలెట్టాడు. తిట్టారు. ఒకడు చొక్కా కూడా పట్టుకున్నాడు.

పై అంతస్తులో చివరి గది. గుమ్మం ముందు ఆడమనిషి చెప్పులు.

తాళంచెవి పెట్టాడు. తిరిగింది.

"వచ్చావా నాన్నా?" అంది లోపలి నుంచి ఒక గొంతు.

మూడేళ్ళయినా ఆ గొంతు పోల్చుకోవడానికి మేస్త్రికి ఒక్క మాట చాలింది. తలుపు పట్టుకుని నిలబడ్డాడు. వచ్చానమ్మా అనబోయాడు.

గోడవైపు తిరిగి మంచం మీద పడుకుని ఉంది. నిండు నెలలు. లేవకూడదన్నట్టుగా మంచాన్ని కాళ్ళవైపు ఎత్తి కింద ఇటుకలు పెట్టి ఉన్నాయి. అందిన దూరంలో మంచినీళ్ళు, మందులు, మడతపెట్టిన దుప్పటి. గదిలో ఇంకో మూల నేల మీద చాప, దాని మీద మగమనిషి లుంగీ ఒకటి.

ఆమె తల తిప్పలేదు.

"నిన్ననగా వెళ్ళావు. పక్కింటి అక్క లేకపోతే నా గతేంటి? ఆ తాళాల కొట్టాయన రానన్నాడా? పోనీలే. కట్టుకున్నవాడు వదిలేసి పోయినరోజు ముక్కూ మొహం తెలియని నన్ను లోపలికి రమ్మన్నావు చూడు, ఆ రోజు నుంచే నాకు నాన్నవి నువ్వు. ఇంకెవరి గుమ్మానికీ పోయి బతిమాలకు."