సెలవు తెలియని యాప్

ఏటికొప్పాకలో లక్కబొమ్మలు చేసే సత్యవేణి ఈ వారం పెట్టించుకున్న మూడో మీటింగు యాప్ ఇది. మొదటి రెంటికీ ఆమె యాసే అర్థం కాలేదు. దీంట్లో అవతలి మనిషి రూపం ఎదుటి పీట మీదికే వచ్చి కూర్చుంటుంది.

బెజవాడ షాపతను ఆర్డరిచ్చి, "వస్తానండీ" అని మాయమయ్యాడు. వస్తానన్నాడు కదా అని యాప్ అతన్ని మళ్లీ పీట మీద కూర్చోబెట్టింది. అది గమనించని భర్త వీర్రాజు, "ఈడికి బొమ్మల గురించి ఏటి తెలుసే!" అనేశాడు. పీట మీంచి అతను అంతా విన్నాడు; ఆర్డరు కాస్తా రద్దయింది.

"సెలవు తీసుకునేటప్పుడు 'పోతున్నాను' అనాలి," అని యాప్ తనే ఓ రూపంతో పీట మీదికొచ్చి సలహా ఇచ్చింది.

"శుభమా అని యాపారం సేసుకుంటుంటే పోతున్నానంటారేటి? నువ్వే పో!" అని సత్యవేణి అరిచింది.

పీట ఖాళీ అయింది. పోతూ పోతూ యాప్ ఎంతో మర్యాదగా అంది: "వస్తానండీ."