యాప్రాల్ సంతలో ఆఖరి శనివారం

ముందే ఒప్పుకుంటున్నా: ఆ రోజు అక్కడుంటే నేనూ కల్యాణ్ పక్కన చేరి నాలుగు తగిలించేదాన్నే.

యాప్రాల్ బర్రెల సంతకి అదే ఆఖరి శనివారం. వచ్చే నెల ఆ జాగాలో అపార్ట్‌మెంట్లకి పునాదులు తీస్తారు.

కాల్ సెంటర్ షిఫ్ట్ దిగి, మెడలో ఐడీ కార్డు కూడా తియ్యకుండా వచ్చాడు కల్యాణ్. చేతిలో తాడు, తాడుకి వాళ్లమ్మ నూకరత్నం బర్రె, గౌరి. పాలు ఎండిపోయాయి. ఇంక చూలు కట్టదని అందరూ తేల్చేశారు.

మోకాళ్ల నొప్పులతో ఆవిడ రాలేకపోయింది. కొడుకు చెయ్యి నెత్తిన పెట్టించుకుని ఒట్టేయించుకుంది.

"ఎవులికైనా ఇచ్చేయ్ నాయినా. కోతకి మాత్రం ఇవ్వకు."

సంతలో పద్మనాభం అని ఒకాయన దొరికాడు. నుదుటి మీద విభూతి, నోట్లో తేనె. మందిప్పించి పెంచుకుంటానన్నాడు. ధర పక్కవాళ్లకి తెలీకుండా తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్లు పట్టుకుని బేరం షురూ చేశాడు.

అంతలో ఎవరో ముసలాయన వచ్చి గౌరి కుడి డొక్కలో పిడికిలి పెట్టి నొక్కాడు.

సంతల గురించి కల్యాణ్‌కి తెలిసింది ఒక్కటే. ఒళ్లు నొక్కేది కసాయోళ్లు, మాంసం ఎంతుందో చూడ్డానికి.

"చెయ్ తీయ్."

"ఆగు బేటా. జెర చూడనీ. దీన్ని అమ్మెయ్యకు."

కల్యాణ్ తోసేశాడు. ముసలాయన లేచొచ్చి తాడు పట్టుకున్నాడు. మళ్లీ తోశాడు. మళ్లీ పట్టుకున్నాడు.

మూడోసారి మూతి మీద గుద్దాడు. ముసలాయన పన్ను ఊడి కల్యాణ్ ఐడీ కార్డు మీద పడింది.

కసాయోడు బర్రెని లాక్కుపోతున్నాడని ఎవరో అన్నారు. ఇంకేముంది, ఐదారు కర్రలు లేచాయి. వీపు చిట్లింది, చెవి తెగింది. ముసలాయన తాడు మాత్రం వదల్లేదు.

కల్యాణ్ ఒకడి కర్ర లాక్కుని మణికట్టు మీద కొట్టాడు. కర్ర చప్పుడు వేరు, ఎముక చప్పుడు వేరు. రెండూ వినిపించాయి.

తాడు జారింది. గౌరి పద్మనాభం లారీ ఎక్కింది.

"అమ్మ మాట నిలబెట్టావు బాబూ" అని భుజం తట్టి పద్మనాభం వెళ్లిపోయాడు.

చేతులు కడుక్కుందామని కల్యాణ్ చాయ్ బండి దగ్గరికెళ్లాడు. బండి నడిపే గులాబ్ బీ కింద కూర్చుని, కొంగు చింపి ముసలాయన మణికట్టుకి కడుతోంది.

"బర్రె యేది?" అంది తలెత్తకుండానే.

పెంచుకునేవాళ్లకే ఇచ్చానన్నాడు, కొంచెం గర్వంగానే.

"పద్మనాభానికా? ఆయన లారీ వారం వారం కోతకే పోతది."

కల్యాణ్ రోడ్డు వైపు చూశాడు. లారీ లేదు.

ముసలాయన నెత్తురు ఉమ్మి, మెల్లగా అన్నాడు: "ఆరు నెలల చూలు, బేటా. లోపల కదులుతుంది."

ఈయనెవరని కల్యాణ్ గులాబ్ బీని అడిగాడు.

"ఇస్మాయిల్ భాయ్. కోతకొచ్చిన బర్రెలల్ల కడుపుతో ఉన్నదాన్ని ఆ చేత్తో నొక్కి చూసి, ముప్పై ఏండ్ల సంది వాపస్ ఇంటికి పంపుతుండు."

మీరూ ఎవరినైనా ఇలా ఆలస్యంగా తెలుసుకుని ఉంటే రాయండి. పేర్లు అక్కర్లేదు.