అమ్మకానికి ఉన్న బస్సు

నిర్దోషులు తమ పక్షాన మాట్లాడకుండా ఉండరని చాలామంది నమ్మకం. ఆధారం లేనిదే దేన్నీ అంగీకరించని కోదండరామ్ గారు ఈ నమ్మకాన్ని మాత్రం ఎన్నడూ పరీక్షించలేదు.

రసాయన కర్మాగారంలో ఇంజినీరుగా పదవీ విరమణ చేసిన ఆయన, 2022 ఏప్రిల్‌లో కెనడాలోని సార్నియా తెలుగు విద్యార్థుల డిజిటల్ చిత్రాల పోటీకి న్యాయనిర్ణేత.

గెలిచినవారికి మాంట్రియల్‌లోని ఒక గేమ్ స్టూడియోలో ఆరు నెలల ప్లేస్‌మెంట్.

నిబంధన ఒకటే: చిత్రంలోని ప్రతి త్రీడీ మోడల్‌నూ పోటీదారే తయారుచేయాలి.

ఆయన మొదటి స్థానానికి ఎంచినది సూర్యకుమారి చిత్రం. సార్నియా స్టాపులో, మోకాలిలోతు మంచులో నిలిచిన పల్లెవెలుగు బస్సు. బంపరుకు సొట్ట, కిటికీ ఊచలకు తుప్పు.

ఫలితం ప్రకటించాల్సిన రోజు మధ్యాహ్నం, మరో పోటీదారు దీక్షిత్ లాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు.

“అంకుల్, ఈ బస్సు ఆన్‌లైన్‌లో సేల్‌కి ఉంది. సేమ్ సొట్ట, సేమ్ తుప్పు. పెట్టి ఏడాదైంది. సెల్లర్ పేరు భీమారావు.”

కబురందుకున్న సూర్యకుమారి కాఫీ షాపు యూనిఫామ్‌లోనే వచ్చింది.

“ఇది కొన్నావా అమ్మా?”

“లేదు సార్. కొంటే పాపమని కాదు, రంగులు కొనుక్కోమా? కానీ ఇది నేను కొనలేదు.”

“కొన్న బస్సెక్కి నాన్‌స్టాప్‌గా మాంట్రియల్ పోదామనా అక్కా?” అన్నాడు దీక్షిత్.

“నువ్వు ఆగవయ్యా. అమ్మా, ఒరిజినల్ ఫైలు ఉందా?”

“ఉంది సార్. చూపిస్తా.”

“కొన్నవాళ్ళకీ ఆ ఫైలే ఇస్తారంకుల్.”

అది నిజమే. కోదండరామ్ గారు కళ్ళద్దాలు సర్దుకున్నారు.

“ఈ భీమారావు ఎవరో నీకు తెలుసా?”

“తెలుసు సార్.”

“ఎవరు?”

ఆమె షిఫ్టుకు టైమవుతోందని గడియారం చూసుకుంది.

“ఈ టర్మ్‌లో ప్లేస్‌మెంట్ దొరక్కపోతే కోర్సు ఆగిపోతుందని నువ్వే అన్నావు. స్టడీ పర్మిట్ కూడా నెలాఖరు వరకే. ఒక్క మాట చెబితే పోయేదానికి మొండితనం ఎందుకమ్మా?”

“పర్మిట్ గురించే సార్ నా భయం. చెప్పలేను.”

ఆమె షిఫ్టుకు వెళ్ళిపోయింది.

కోదండరామ్ గారు ఆ వెబ్‌సైట్ ద్వారానే భీమారావుకు సందేశం పంపారు: ‘ఈ బస్సు మోడల్‌ను సూర్యకుమారి అనే విద్యార్థినికి మీరు అమ్మారా?’

స్టూడియో ఇచ్చిన గడువు సాయంత్రం ఆరు. అప్పటివరకు తెర ముందే కూర్చున్నారు. జవాబు రాలేదు.

ఆరింటికి దీక్షిత్ పేరు మాంట్రియల్‌కు వెళ్ళింది. సూర్యకుమారి పేరు ఎదురుగా ‘అనర్హురాలు: కొన్న మోడల్’ అని రాసి, ఆయన తేదీ వేసి సంతకం చేశారు.

నెలాఖరున ఆమె హైదరాబాద్ విమానం ఎక్కింది.

ఆమె ఇంకా గాలిలో ఉండగానే, భీమారావు నుంచి జవాబు వచ్చింది.

“సారూ, దండాలు. మీరు రాసింది మా డిపో మెయిల్‌కు వచ్చిందట, మా క్లర్కు ఇయ్యాల చదివి చెప్పిండు. నేను బస్సు డిపోల మెకానిక్‌ను. కంప్యూటర్ ఎన్నడూ ముట్టలే, ఎవ్వరికీ ఏదీ అమ్మలే. అక్కడ చదువుకునే పిల్లలు వారానికి ఇరవై గంటలకు మించి పని చేసినట్టు తెలిస్తే పర్మిట్ పోతదని భయపడి, బొమ్మలమ్మే ఖాతా నా పేరు మీద తెరిచిందట. నా షెడ్డుల నిలబడ్డ బస్సును చూసుకుంట, సొట్టతో సహా ఆ బొమ్మ చేసింది మా బిడ్డ సూర్యకుమారే.”