ఈ ఎముకలు ఎవరివి?

ఇలా దగ్గరకు జరగండి, ఈ ఊరి గాలికి నా మాట సగం కొట్టుకుపోతుంది. పాతకాలపు స్పోర్ట్స్ కారు అసలుది కొనలేక, నకలైనా కొనాలని ఉబలాటపడే వాళ్ళుంటే ఇంకాస్త ముందుకు రండి.

పోర్ట్ ఎలిజబెత్‌లో, అలాంటి నకలు కారు అమ్ముతున్న టెర్బ్లాంష్ ఇంటి ముందు, డెన్వర్ కొనుగోలు కాగితం మీద సంతకం పెట్టడానికి పెన్ను మూత తీశాడు.

"పెన్ను జేబులో పెట్టు," అంది అతని పిన్ని మెర్సియా.

టైర్ల ఫ్యాక్టరీలో ఒళ్ళు హూనమయ్యాక వచ్చిన రిటైర్మెంటు డబ్బంతా డెన్వర్ ఆ ఎర్ర కారు మీదే పెట్టబోతున్నాడు.

"పిన్నీ, పరువు తీయకు. ఇంజను చప్పుడు విన్నాం కదా."

"విన్నావు. రంగు చూసి మురిశావు. ఆ ఒళ్ళు నిన్న మొన్న పోసిన ఫైబర్‌రా. లోపలి ఎముకలు ఏదో పాత బీటిల్ కారువి. నకలు కొనేవాడు ముందు వాటి సంగతి అడగాలి. ఏం బాబూ, ఈ ఎముకలు ఎవరివి?"

అమ్మేవాడు టెర్బ్లాంష్ మొహం కందగడ్డయింది. "పాత సామాన్ల కొట్లో కొన్నాను. నన్ను దొంగ అంటున్నావా ఆంటీ?"

"నేను అనలేదు. ఆ మాట నీ నోట్లోంచే వచ్చింది."

ఆమె చేతిసంచిలోంచి ఎండుమాంసం కోసే చిన్న కత్తి తీసింది. సీటు వెనక గుడ్డ ఎత్తి, అడుగురేకు మీది నల్లటి తారు గీకింది. చాసిస్ నంబరు ఉండాల్సిన చోటు బోడిగా ఉంది.

"నంబరేది?"

"తుప్పు తినేసింది."

"ఇంత నున్నగానా? మా ఇంటి తుప్పుకు ఇంత మర్యాద తెలియదు."

"చాలు. వయసు చూసి ఊరుకుంటే నెత్తికెక్కుతున్నారు. నా కారు గీకినందుకు పోలీసుల్ని పిలుస్తాను."

"పిలు నాయనా," అంటూ ఆమె ఆ కారు సీట్లోనే చతికిలబడింది.

"పిన్నీ, ఇక వీధిలో తలెత్తుకోగలనా?" డెన్వర్ గొణిగాడు.

అన్యాయం చూడండి, నంబరు చెరిపినవాడు పెద్దమనిషి, గీకి చూసినావిడ నేరస్తురాలు. అన్నంతపనీ చేశాడు టెర్బ్లాంష్. కానిస్టేబుల్ సఖుంజి వచ్చాడు.

"ఈ ముసలావిడ మీద కేసు రాయండి సార్. నష్టం కట్టించండి."

"అమ్మమ్మా, పరాయివాళ్ళ కారు గీకడం తప్పు కదా," అన్నాడు కానిస్టేబుల్.

"తప్పే నాయనా. నష్టమెంతో వంగి చూడు."

అతను టార్చి వేసి వంగాడు. గీకిన చోటు పక్కన లేచిన తారు పెచ్చును గోటితో లాగాడు. కింద నీలిపువ్వులు కనిపించాయి. అడుగురేకు చిల్లుకు ఎవరో టీ కప్పుల ఇనప పళ్ళేన్ని కోసి, వెల్డింగు చేసి అతికించారు. కానిస్టేబుల్ ఆ పువ్వుల్ని ఒక్కొక్కటిగా వేలితో తడిమాడు.

"చూశారా సార్, ఎంత పాడుచేసిందో?"

కానిస్టేబుల్ లేచి సంకెళ్ళు తీశాడు. టెర్బ్లాంష్, మెర్సియా వైపు చూసి నవ్వాడు.

"ఆమెకు కాదు. నీకే, చేతులు చాపు."

ఇలాంటి కారు కొనడానికి మొదటిసారి బయల్దేరేవాళ్ళు ఎవరు కనిపించినా ఇది గుర్తుపెట్టుకుని చెప్పండి. చెప్పేటప్పుడు, ఆ కానిస్టేబుల్ సంకెళ్ళు బిగిస్తూ అన్న మాట మాత్రం వదలకండి:

"ఆ పళ్ళెం మా అమ్మది. నా బీటిల్‌ను దొంగలు ఎత్తుకుపోయిన రోజున కూడా ఆవిడ ముందు ఈ పళ్ళెం కోసమే ఏడ్చింది."